పెప్పర్ స్ప్రే అందరికీ గుర్తుంది... మరి ఓటు?

లగడపాటి రాజగోపాల్ పేరు చెబితే మీ ఫోన్‌లో ఏం వస్తుంది? ఒకటి, లోక్‌సభలో పెప్పర్ స్ప్రే. రెండు, ఎన్నికల సర్వేలు, వాటి మీద మీమ్స్. ఇప్పుడు ఇరవై, ఇరవై రెండేళ్ల వయసున్న వాళ్లకి ఆయన ‘ఆంధ్రా ఆక్టోపస్’గానే తెలుసు. ఆయన పదేళ్లు విజయవాడ ఎంపీ అనీ, జగ్గయ్యపేట, నందిగామ వాళ్లు రెండుసార్లు ఆయనకి ఓటేసి ఢిల్లీ పంపారనీ అంటే, ‘అవునా?’ అనే పిల్లలు చాలామందే ఉంటారు.

పంపిన మనిషి అక్కడ ఏం చేశాడు? పార్లమెంటులో ఎంపీ చేసే పనులన్నింటిలో అసలైంది ఓటెయ్యడం. ప్రశ్నలు అడగొచ్చు, మాట్లాడొచ్చు, ప్లకార్డు పట్టుకోవచ్చు. కానీ చట్టం అయ్యేదీ కానిదీ తేలేది ఓటుతోనే. మరి లగడపాటి దేనికి ఓటేశారు, దేన్ని కాదన్నారు? వెతకడం మొదలుపెడితే ఒక వింత బయటపడుతుంది. మెట్ట ప్రాంతం బతుకు మీద అన్నిటికన్నా గట్టిగా పడిన ఒక్క నిర్ణయం దగ్గర ఆయన ఓటు లేదు. ఆయనదే కాదు, ఎవరి ఓటూ పేరుతో లేదు.

అల్లుడుగారి ఎంట్రీ

విజయవాడ లోక్‌సభ సీటుకి మొదట్నుంచీ కాస్త సినిమా కళ ఉంది. 1952లో ఇక్కడి నుంచి గెలిచిన మొదటి ఎంపీ హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తమ్ముడు, కవి, నటుడు. తర్వాత రోజుల్లో సత్యజిత్ రే సినిమాలో సిధు జ్యాఠాగా కనిపించిన పెద్దాయన ఈయనే. ఆ తర్వాత ఇంజినీరు కానూరి లక్ష్మణరావు, అంటే కె.ఎల్. రావు. కేంద్రంలో నీటిపారుదల మంత్రి. ముక్త్యాల దగ్గర నుంచి చూస్తే కనిపించే పులిచింతల నీళ్లకి పెట్టిన పేరు ఆయనదే. (ఆ నీళ్లు మాత్రం డెల్టాకి పోతాయి. మెట్టలో ఉన్నవాళ్లు చూసి సంతోషించాల్సిందే.)

1996లో, 1998లో ఈ సీటు పర్వతనేని ఉపేంద్రది. వి.పి. సింగ్ ప్రభుత్వంలో కేంద్ర మంత్రిగా చేసిన ఆయన, అప్పటికి కాంగ్రెస్‌లోకి వచ్చారు. లగడపాటి ఆయనకి అల్లుడు. అంతకన్నా ముందు ల్యాంకో అధిపతి. నందిగామ నుంచి విజయవాడ వెళ్లే దారిలో కొండపల్లి దగ్గరి గ్యాస్ పవర్ ప్లాంటు ఒకప్పుడు ఆ గ్రూపుదే.

2004లో కాంగ్రెస్ టికెట్ మీద దిగితే, ఎదురుగా తెలుగుదేశం నుంచి సినీ నిర్మాత అశ్వనీదత్. లగడపాటి లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. 2009లో అంత సుఖంగా సాగలేదు. వల్లభనేని వంశీ మీద 12,712 ఓట్లతో బయటపడ్డారు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లున్న సీటులో ఇది పీకలమీదికొచ్చిన గెలుపే. అదే ఎన్నికల్లో జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఎమ్మెల్యేలుగా తెలుగుదేశం వాళ్లనే గెలిపించాయి. జగ్గయ్యపేటలో శ్రీరాం రాజగోపాల్, నందిగామలో తంగిరాల ప్రభాకరరావు.

ఓటు మీదే, బటన్ మాత్రం పార్టీది

ఇక ఓట్ల సంగతికి వద్దాం. ముందు సభలో ఓటింగ్ ఎలా జరుగుతుందో తెలియాలి. లేకపోతే తర్వాత కథ అర్థం కాదు.

ఒక బిల్లు మీద చర్చ అయిపోయాక స్పీకర్ అడుగుతారు, ఒప్పుకునేవాళ్లు ‘ఆయ్’ అనండి, కాదనేవాళ్లు ‘నో’ అనండి అని. ఎటు అరుపు గట్టిగా వినిపిస్తే అటు తీర్పు. దీన్నే మూజువాణి ఓటు అంటారు. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరు పేరునా ఎక్కడా రాయరు. ఎవరైనా సభ్యుడు ఒప్పుకోక ‘డివిజన్’ అడిగితే అప్పుడు తలుపులు మూసి, సీటు ముందున్న బటన్లు నొక్కిస్తారు. అప్పుడు మాత్రం ఎవరి ఓటు ఎటో పేర్లతో సహా రికార్డు అవుతుంది. మన పార్లమెంటులో ఎక్కువ బిల్లులు మూజువాణితోనే గట్టెక్కుతాయి.

ఇంకో మెలిక ఉంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం. పార్టీ విప్ జారీ చేశాక దానికి ఎదురుగా ఓటేసినా, చెప్పకుండా ఎగ్గొట్టినా సభ్యత్వం పోవచ్చు. ప్రభుత్వాన్ని పడగొట్టే ఓటుకే కాదు, మామూలు బిల్లుకి కూడా ఇదే లెక్క. సుప్రీంకోర్టు 1992లో ఈ చట్టం చెల్లుతుందనే చెప్పింది. కె.ఎల్. రావు కాలంలో ఎంపీకి ఈ బెడద లేదు. లగడపాటి కాలానికి బటన్ మీద వేలు ఎంపీదే అయినా, ఆ వేలిని కదిపేది పార్టీ ఆఫీసు.

అందుకే 2008 జులై 22ను తీసుకోండి. అమెరికాతో అణు ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు లాగేసుకుంటే, మన్మోహన్ సింగ్ విశ్వాస పరీక్షకి నిలబడ్డారు. 275కి 256. సభలోకి నోట్ల కట్టలు తెచ్చి చూపించిన రోజు అది. తెలుగుదేశం ఎంపీలు ఇద్దరు తమ పార్టీ విప్‌నే కాదని అటు ఓటేశారు. దేశమంతా ఊపిరి బిగబట్టి చూసిన ఓటింగ్. కానీ విజయవాడ ఎంపీ ఓటు విషయంలో ఎవరికీ ఏ సస్పెన్సూ లేదు. అధికార పార్టీ సభ్యుడు, విప్ ఉంది, అంతే. 2004 నుంచి 2009 దాకా ఆయన ఓటింగ్ రికార్డు అంటూ విడిగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కాంగ్రెస్ రికార్డే ఆయన రికార్డు. ఇది ఆయన ఒక్కరి తప్పేం కాదు. ఆ బెంచీల మీద కూర్చున్న అందరిదీ అదే పరిస్థితి.

ఒక ఎంపీకి తన సొంత ఓటు, సొంత మాట నిజంగా అవసరమయ్యే రోజు ఎప్పుడో ఒకటి వస్తుంది. ఆయనకి 2009 డిసెంబర్‌లో వచ్చింది.

డిసెంబర్ 9 తర్వాత

2009 డిసెంబర్ 9 రాత్రి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడుతున్నామని హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. మర్నాడు లగడపాటి ఎంపీ పదవికి రాజీనామా అన్నారు. అది ఆమోదం దాకా పోలేదు. తర్వాత విజయవాడలో నిరాహార దీక్ష. పోలీసులు ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడి నుంచి కళ్లుగప్పి జారుకుని, హైదరాబాద్ నిమ్స్‌లో తేలారు. ఆయన నిమ్స్ లోపలికి పరుగెత్తుకుంటూ వెళ్లిన దృశ్యం అప్పట్లో టీవీల్లో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. అప్పటికి రీల్స్ లేవు కాబట్టి సరిపోయింది.

డిసెంబర్ 23న కేంద్రం కొంచెం వెనక్కి తగ్గింది. 2010లో శ్రీకృష్ణ కమిటీ వేశారు. 2013 జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ‘తెలంగాణ ఇస్తాం’ అని తీర్మానించింది. కోస్తా, సీమ రోడ్ల మీదికొచ్చాయి. రాష్ట్రం విడిపోదు, విడిపోతే నేను రాజకీయాల్లో ఉండను అని లగడపాటి అప్పట్లో ఊరూరా చెప్పారు.

తెలంగాణ వైపు నుంచి చూస్తే ఈ కథ వేరేగా ఉంటుంది, అది కూడా చెప్పుకోవాలి. 1969 నుంచి ఎదురుచూసిన వాళ్లకి ఈయన అడ్డుగోడ. హైదరాబాద్‌లో ల్యాంకో హిల్స్ కట్టిన వ్యాపారి తన ఆస్తుల కోసమే సమైక్యం అంటున్నాడని ఉద్యమకారులు నేరుగా విమర్శించారు. వ్యాపారం, ప్రజాప్రతినిధి పదవి రెండూ ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు ఈ అనుమానం రావడం సహజం. ఆయన ఎంత కొట్టిపారేసినా అది ఆయన్ని వదల్లేదు.

ఇక్కడ పార్లమెంటరీ లెక్కలో అసలు విశేషం 2013 డిసెంబర్‌లో జరిగింది. ఆరుగురు కాంగ్రెస్ ఎంపీలు తమ సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఇచ్చారు. లగడపాటి, ఉండవల్లి అరుణ్‌కుమార్, రాయపాటి సాంబశివరావు, సబ్బం హరి, హర్షకుమార్, సాయిప్రతాప్. అధికార పక్షం ఎంపీలే మా ప్రభుత్వం మీద మాకు నమ్మకం లేదనడం మామూలు సంగతి కాదు. ఆ తీర్మానం సభ ముందుకు రావాలంటే 50 మంది లేచి నిలబడాలి. లేచారో లేదో లెక్కపెట్టాలంటే సభ సద్దుమణగాలి. సభ ఆర్డర్‌లో లేదు కాబట్టి లెక్కపెట్టలేం అంటూ రోజూ వాయిదా. నోటీసు ఇచ్చిన వాళ్ల వైపు నుంచే గోల, ఆ గోల వల్లే నోటీసు చర్చకి రాకపోవడం. ఈ ముడిని ఎవరూ విప్పలేదు. ‘సభ ఆర్డర్‌లో లేదు’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

2014 ఫిబ్రవరి 11న కాంగ్రెస్ ఆ ఆరుగురినీ పార్టీ నుంచి బహిష్కరించింది. బహిష్కరించిన సభ్యుడి మీద విప్ పనిచేస్తుందా లేదా అన్నది న్యాయస్థానాల దాకా వెళ్లిన చిక్కు ప్రశ్న. అది పక్కనపెడితే, మామూలు కళ్లతో చూస్తే లగడపాటి పదేళ్లలో మొదటిసారి పార్టీ నీడలో లేని ఎంపీ. ఆయన ఓటు ఆయనదే అని చెప్పగలిగిన రోజులవి. అవి రెండు రోజులే.

ఫిబ్రవరి 13, ఫిబ్రవరి 18

ఫిబ్రవరి 13 మధ్యాహ్నం హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లుని లోక్‌సభలో ప్రవేశపెట్టారు. వెల్‌లో తోపులాట. ఆ గందరగోళంలో లగడపాటి జేబులోంచి పెప్పర్ స్ప్రే తీసి కొట్టారు. దగ్గులు, కళ్ల మంటలు, సభ ఖాళీ. కొందరు ఎంపీలను ఆస్పత్రికి తీసుకెళ్లారు. తోటి ఎంపీని కొడుతుంటే అడ్డుకోవడానికి వెళ్లాననీ, తన మీద దాడి జరిగితే ఆత్మరక్షణకి వాడాననీ ఆయన చెప్పుకొచ్చారు. దేశం మాత్రం ఆ మాట వినే మూడ్‌లో లేదు. పార్లమెంటు చరిత్రలో ఇంతకన్నా సిగ్గుచేటు రోజు లేదని అన్ని పార్టీల వాళ్లూ తిట్టిపోశారు.

స్పీకర్ మీరాకుమార్ 374-ఏ నిబంధన బయటికి తీశారు. లగడపాటితో పాటు పదిహేను మందికి పైగా సీమాంధ్ర ఎంపీలు సస్పెండ్. ఈ నిబంధన కింద సస్పెన్షన్ అంటే వరసగా ఐదు సిట్టింగులు సభకి రాకూడదు.

ఐదు సిట్టింగులు. ఇప్పుడు క్యాలెండర్ చూడండి. 13 గురువారం. తర్వాతి మంగళవారం 18. ఆ రోజు బిల్లు చర్చకొచ్చింది, ఆ రోజే పాసైంది. తలుపులు మూశారు, లైవ్ టెలికాస్ట్ ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. అధికార పక్షం, ప్రధాన ప్రతిపక్షం బీజేపీ రెండూ బిల్లు వైపే. ఓటింగ్ ఎలా జరిగిందంటారా? మూజువాణి.

అంటే విజయవాడ ఎంపీ సభలో లేరు. ఉన్న వాళ్లలో ఎవరు ఎటు అన్నారో పేర్లు లేవు. టీవీలో చూద్దామంటే తెర ఆగిపోయింది.

స్ప్రే కొట్టకపోయి ఉంటే బిల్లు ఆగేదా? ఆగేది కాదు. రెండు పెద్ద పార్టీలు కలిసినప్పుడు ఆరుగురు కాదు, పాతిక మంది ఎదురుతిరిగినా అంకెలు మారవు. కానీ సభలో ఉండి ఉంటే చెయ్యగలిగిన పని ఒకటుంది. లేచి నిలబడి డివిజన్ అడగడం. దానికి ఒప్పుకుంటారా, సవరణలకి ఏం జరుగుతుంది అన్నది తర్వాతి సంగతి. కనీసం, ‘జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఉన్న జనం తరఫున నేను కాదంటున్నాను’ అన్న మాట ఆ రోజు సభ రికార్డుల్లో ఒక పేజీలో ఉండేది. చేతిలో ఉన్న ఒకే ఒక్క పార్లమెంటరీ ఆయుధాన్ని, పార్లమెంటరీ కాని ఆయుధం కోసం వదిలేసుకున్నారాయన. నా మట్టుకు నాకు ఆయన కెరీర్ అంతటిలో పెద్ద పొరపాటు ఇదే. కెమెరాకి కనిపించింది స్ప్రే, జనానికి మిగలనిది ఓటు.

అయితే మూజువాణి పాపం లోక్‌సభ ఒక్కదానిదే కాదు. అంతకు ముందు జనవరి 30న ఇదే బిల్లుని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తిరస్కరించింది. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి తీర్మానం, స్పీకర్ నాదెండ్ల మనోహర్, అరుపులు, కేకలు. అది కూడా మూజువాణితోనే! రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీది అభిప్రాయం మాత్రమే, ఢిల్లీని కట్టిపడెయ్యదు. సరే, ఆ అభిప్రాయమైనా పేర్లతో ఉండాలి కదా? లేదు. ఫిబ్రవరి 20న రాజ్యసభలోనూ మూజువాణే. ఒక రాష్ట్రం రెండుగా విడిపోయిన కథలో, బిల్లు తుది నిర్ణయం మీద ఎవరు ఎటు ఉన్నారో బటన్ నొక్కి చెప్పిన సందర్భం ఒక్క సభలోనూ లేదు. అవునన్న వాళ్లకీ కాదన్న వాళ్లకీ ఇది నష్టమే. తెలంగాణ కోసం నిలబడిన ఎంపీకైనా ‘ఇదిగో నా ఓటు’ అని మనవడికి చూపించుకునే కాగితం లేదు.

ఆ రోజు సభలో ఏం జరిగిందన్న దాని మీద ఉండవల్లి పుస్తకమే రాశారు, సుప్రీంకోర్టుకీ వెళ్లారు. 2022 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ రాజ్యసభలో మాట్లాడుతూ విభజన చేసిన తీరునీ, మైకులు ఆపడాన్నీ, స్ప్రేనీ గుర్తుచేస్తే మళ్లీ రెండు రాష్ట్రాల్లో రచ్చ అయింది. ఎనిమిదేళ్ల తర్వాత కూడా!

బిల్లు నెగ్గాక లగడపాటి ఎంపీ పదవికి రాజీనామా చేసి, రాజకీయాలకి దండం పెట్టేశారు. ఇక్కడ ఆయనకి మార్కులు వెయ్యాల్సిందే. మాట తప్పలేదు. 2014, 2019, 2024, మూడు ఎన్నికలు వచ్చి వెళ్లాయి, పోటీ చెయ్యలేదు. మన రాజకీయాల్లో ఇలాంటి సన్యాసాలు ఆర్నెల్లు దాటడం అరుదు.

సర్వేల ముచ్చట అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో. 2018 చివర్లో తెలంగాణలో మహాకూటమిదే పైచేయి అన్నారు, టీఆర్ఎస్ 88 సీట్లు కొట్టింది. 2019లో ఏపీలో తెలుగుదేశం అన్నారు, వైసీపీకి 151 వచ్చాయి. ఆక్టోపస్ దుకాణం కట్టేసింది.

గీత గరికపాడు దగ్గర పడింది

ఢిల్లీలో ఆ అరుపులు దేని మీద తీర్పిచ్చాయో చూడాలంటే జగ్గయ్యపేట దాటి హైవే మీద కాసేపు ప్రయాణిస్తే చాలు. గరికపాడు చెక్‌పోస్టు. అవతల కోదాడ వైపు తెలంగాణ. 2014 జూన్ 2కి ముందు అక్కడ జిల్లా మారేది, ఇప్పుడు రాష్ట్రం మారుతుంది. జగ్గయ్యపేట వాళ్లకి విజయవాడ కన్నా కోదాడ దగ్గర. పెళ్లి సంబంధాలు, వ్యాపారాలు, చదువులు అన్నీ ఖమ్మం, నల్గొండ వైపు అల్లుకుపోయి ఉన్నాయి.

2020 మార్చి చివరి వారం గుర్తుందా? లాక్‌డౌన్ పడగానే హైదరాబాద్ హాస్టళ్లు మూసేస్తే, ఊళ్లకి బయల్దేరిన కుర్రాళ్లు గరికపాడు దగ్గర రాత్రంతా రోడ్డు మీదే ఉండిపోయారు. ఇది చదువుతున్న వాళ్లలో ఒకరిద్దరు ఆ క్యూలో ఉండే ఉంటారు. 2021 మేలో సీన్ రివర్స్. ఏపీ నుంచి కరోనా పేషెంట్లతో వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపేశారు. హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది.

మనుషుల సంగతి అది. నీళ్ల సంగతి ఇంకా లోతు.

ఒకప్పటి కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పేరు ఏదైనా జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వైపు నేలంతా మెట్ట. పత్తి, మిర్చి, కంది, పెసర. కృష్ణా బ్యారేజీ నీళ్లు ఇటు ఎక్కవు. కాలువ నీళ్లంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువే. ఆ ప్రాజెక్టు రావడానికి గట్టిగా తిరిగిన వాళ్లలో జగ్గయ్యపేట పక్కనే ఉన్న ముక్త్యాల రాజా, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఒకరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967లో కాలువలకి నీళ్లు వదిలారు.

ఎడమ కాలువ డ్యామ్ దగ్గర మొదలై నల్గొండ, ఖమ్మం నేలల మీదుగా వచ్చి వచ్చి, చివర్లో కృష్ణా మెట్టకి చేరుతుంది. ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడే చివరి ఆయకట్టు బాధ ఉండేది. పైన ఉన్నవాళ్లు వాడుకోగా మిగిలింది కిందికి. రైతులు ఇంజినీరు ఆఫీసుకి వెళ్లి గొడవ పెట్టుకునేవాళ్లు. ఎమ్మెల్యే ఫోన్ చేస్తే ఒక తడికి నీళ్లొచ్చేవి. ఇప్పుడు ఎడమ కాలువ తల ఒక రాష్ట్రంలో, తోక ఇంకో రాష్ట్రంలో. ఎమ్మెల్యే ఫోన్ సరిహద్దు దాటి పనిచెయ్యదు. విభజన చట్టంలో 84వ సెక్షన్ కింద అపెక్స్ కౌన్సిల్, 85వ సెక్షన్ కింద కృష్ణా నదీ యాజమాన్య బోర్డు పెట్టారు. ఎవరికెన్ని టీఎంసీలన్నది ఇప్పుడు బోర్డు మీటింగులో తేలాలి. ఆ మీటింగుల్లో ఎంత వేడి ఉంటుందో 2023 నవంబర్ చివర్లో చూశాం. తెలంగాణ పోలింగ్ రోజు తెల్లవారేసరికి సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా. చివరికి కేంద్ర బలగాలు వచ్చాయి.

ఇవన్నీ ఆ బిల్లు సెక్షన్లలోంచి పుట్టినవే. రాష్ట్రం విడిపోవడం మంచిదా చెడ్డదా అన్న వాదన వేరు. విడిపోయేటప్పుడు చివరి ఆయకట్టు రైతు కాలువకి ఏ సెక్షన్‌లో ఏ హామీ ఉండాలి అని సవరణ పెట్టి, దాని మీద ఓటు అడగాల్సిన మనిషి మాత్రం ఆ నియోజకవర్గం ఎంపీయే. ఆ రోజు ఆ సీటు ఖాళీ.

అదే సీటు, నాలుగేళ్ల తర్వాత

2014లో విజయవాడ ఎంపీగా కేశినేని శ్రీనివాస్, అంటే నాని, 74,862 ఓట్ల మెజారిటీతో గెలిచారు. కేశినేని ట్రావెల్స్ ఓనర్‌గా జనానికి ముందే తెలుసు. ఆయన కూడా ఇప్పుడు మాజీయే. ఓటింగ్ రికార్డు విషయంలో ఆయన కథ లగడపాటి కథకి తిరగేసిన అద్దంలా ఉంటుంది.

విభజన వేళ ఇచ్చిన ప్రత్యేక హోదా మాట నిలబెట్టుకోలేదంటూ 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికొచ్చింది. తెలుగుదేశం, వైసీపీ రెండూ పోటీపడి అవిశ్వాసం నోటీసులిచ్చాయి. బడ్జెట్ సమావేశాలు మొత్తం ఒకటే జవాబు. అదే పాత పాట, ‘సభ ఆర్డర్‌లో లేదు’.

జులైలో సీన్ మారింది. 18న స్పీకర్ సుమిత్రా మహాజన్ నోటీసుని ఒప్పుకున్నారు. చాలామంది ఇచ్చారు కానీ ముందు అందింది కేశినేని శ్రీనివాస్‌ది కాబట్టి తీర్మానం ఆయన పేరు మీదే. 20న ఉదయం నుంచి అర్ధరాత్రి దగ్గరపడే దాకా చర్చ. గల్లా జయదేవ్ మొదలుపెట్టారు, రాహుల్ గాంధీ వెళ్లి మోదీని కౌగిలించుకున్నది ఆ రోజే. తీర్మానం పెట్టిన మనిషిగా ప్రధాని ప్రసంగం తర్వాత చివరి మాట విజయవాడ ఎంపీదే. తర్వాత డివిజన్. బటన్లు నొక్కారు. అనుకూలం 126, వ్యతిరేకం 325.

ఓడిపోయారు. ఓడిపోతామని ముందే తెలుసు. పార్టీ లైన్‌లోనే ఓటేశారు, అందులో తెగువేమీ లేదు కూడా. కానీ 126 ఎవరో, 325 ఎవరో పేర్లతో సహా ఉంది. లైవ్‌లో జనం చూశారు. మనవైపు ఎవరు నిలబడ్డారు, ఎవరు వాకౌట్ చేశారు, ఎవరు ఓటు వెయ్యకుండా కూర్చున్నారు అన్నది ఇవాళ కూడా తీసి చూసుకోవచ్చు. ఓడిన ఓటు కూడా రికార్డే.

జనం దాన్ని గుర్తుపెట్టుకున్నారా అంటే, చెప్పలేం. 2019లో వైసీపీ ఊపులోనూ నాని 8,726 ఓట్లతో గట్టెక్కారు. తెలుగుదేశానికి ఆ ఏడాది వచ్చిన మూడు లోక్‌సభ సీట్లలో ఇదొకటి. 2024 జనవరిలో పార్టీ మారి వైసీపీ తరఫున నిలబడితే, సొంత తమ్ముడు శివనాథ్, అంటే చిన్ని చేతిలో 2,82,085 ఓట్ల తేడాతో ఓడి, ఆయన కూడా రాజకీయాలు వదిలేస్తున్నానన్నారు. ఈ సీటులో వరసగా ఇద్దరు ఎంపీలు రాజకీయ సన్యాసమే తీసుకున్నారు. వాస్తు చూపించుకుంటే మంచిదేమో!

మీరే చూడాలనుకుంటే

మన ఎంపీ పనితీరు అంటూ వాట్సాప్‌లో తిరిగే చార్టుల్లో సాధారణంగా ఉండేవి మూడు. ఎన్ని రోజులు సభకొచ్చాడు, ఎన్ని ప్రశ్నలడిగాడు, ఎన్ని చర్చల్లో మాట్లాడాడు. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైట్‌లో ఎంపీ పేరు కొడితే ఇవి వస్తాయి. ఏ బిల్లుకి ఏ ఓటేశాడన్న కాలమ్ అక్కడ లేదు. అమెరికాలో ఒక సెనేటర్ పేరు కొడితే ఏళ్ల తరబడి వేసిన ఓట్లన్నీ వరసగా వస్తాయి. బ్రిటన్‌లోనూ అంతే. మన దగ్గర కావాలంటే పార్లమెంటు సైట్‌లో లోక్‌సభ చర్చల పీడీఎఫ్‌లు తెరవాలి. డివిజన్ జరిగిన రోజు పేజీల్లో ‘ఆయ్స్’, ‘నోస్’ కింద పేర్లుంటాయి. ఫోన్ తెరమీద చదవడం కొంచెం కష్టమే, కానీ జూమ్ చేస్తే కనిపిస్తాయి.

2018 జులై 20 తేదీ తెరిస్తే మీ ఎంపీ పేరు దొరుకుతుంది. 2014 ఫిబ్రవరి 18 తెరిస్తే, బిల్లు ఆమోదం పొందిందని ఉంటుంది. దాని కింద పేర్ల జాబితా కోసం ఎంత కిందికి జరిపినా, తర్వాతి అంశం వచ్చేస్తుంది.